గేరు మార్చిన దేవదాసు

హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో దేవదాసు మెకానిక్ పని చేసేవాడు. పని చేసేవాడు అనేకంటే ఏలేవాడు అంటే ఆయనకు నచ్చేది. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, పట్టుగూళ్ల మార్కెట్టుకు వచ్చే టెంపోలు, అన్నీ ఆయన చేతి కిందికి రావాల్సిందే. బానెట్ ఎత్తకుండానే, ఇంజను శబ్దం విని రోగం చెప్పేవాడు. సగం సార్లు సరిగ్గా చెప్పేవాడు. మిగతా సగం కూడా అంతే ధీమాగా చెప్పేవాడు కాబట్టి జనానికి తేడా తెలిసేది కాదు. ఈ మాట ఇప్పుడు ఆయనే చెప్పి నవ్వుతాడు. ఆ రోజుల్లో ఇంకెవరైనా అని ఉంటే స్పానరు విసిరేవాడు.

ఆయనకు ఒక జబ్బుండేది. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, మిగతా మాట తానే పూర్తి చేసేవాడు. ఎవరైనా వచ్చి "బండి స్టార్టు..." అనగానే "కాలేదు, బ్యాటరీ పోయింటాది, పెట్టిపో" అనేసేవాడు. స్టార్టు బాగానే అవుతోందనీ, ఆగమంటే ఆగడం లేదనీ చెప్పడానికి వచ్చిన ఆ మనిషి నోరు మూసుకుని పోయేవాడు. భార్య సంతోషమ్మ ఎన్నో సార్లు అంది.

"ఏమయ్యా, నీకు దేవుడు రెండు చెవులిచ్చినాడు గదా. లారీకి అద్దాల మాదిరి రెండు పక్కలా అందానికి పెట్టుకున్నావా?"

ఈ మాట కూడా ఆయన పూర్తిగా వినలేదు.

తొంభై ఆరు ఎండాకాలంలో ధర్మవరం నుంచి కబురు వచ్చింది. అక్కడ పట్టుచీరల వ్యాపారి కృష్ణమూర్తి శెట్టి దగ్గర ఒక అమెరికా కారు ఉంది. అరవైల్లో తయారైన బండి, స్టీరింగు మాత్రం మన బండ్లకు మాదిరే కుడి పక్కన. ముందు నుంచి వెనక్కి నడిచేసరికి ఒక బీడీ అయిపోయేంత పొడుగు. ఊళ్లో దాన్ని పడవ కారు అనేవాళ్లు. బెంగళూరులో ఎవరో పెద్దింటివాళ్లు అమ్మేస్తుంటే శెట్టి కొన్నాడు. గేర్లు వాటంతట అవే మారే బండి. ఇప్పుడు ఆ గేరు బాక్సే పోయింది.

దేవదాసు ధర్మవరం వెళ్లాడు. శెట్టి అంగట్లో తెల్లని పరుపు మీద, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లో, చుట్టూ చీరలు పరుచుకుని ఉన్నాయి. నడుము పైభాగం తప్ప మనిషి కనబడటం లేదు. కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు.

"ఇంజను అరుస్తాది గానీ బండి కదల్దప్పా. దీని గేరు బాక్సు చూసేవాళ్లు మన పక్క లేరని బెంగళూరులోనే చెప్పినారు."

"ఎవరు చెప్పింది శెట్టిగారూ? నేనుండా గదా."

"సంతోషమే. ఐతే నీకు ముందే ఒక మాట చెప్పల్ల. గేరు మార్చేది నాతో కాదు."

దేవదాసుకు నవ్వొచ్చింది. చీరలు మడిచే చేతులతో గేరు బాక్సు ఎవరు మార్చమన్నారు ఈయన్ని?

"మీతో ఎట్లయితాది శెట్టిగారూ! అది నా పని. మీరు కాలు కింద పెట్టే పనే లేదు. మార్చేసి, తెచ్చి ఇంటి ముందర నిలబెడతా."

శెట్టి ముఖం వెలిగిపోయింది. "అర్థం చేసుకున్న్యావు. నా కాలికి పని లేకుంటే అంతే చాలప్పా."

అలా ఇద్దరూ ఒకే మాట మీద రెండు వేర్వేరు ఒప్పందాలు కుదుర్చుకున్నారు. దేవదాసు లేచి నమస్కారం పెట్టాడు. శెట్టి పరుపు మీది నుంచే చేతులు జోడించాడు. ఎంతైనా పెద్ద వ్యాపారి, లేచి నిలబడతాడా అనుకుని దేవదాసు బయటికి వచ్చాడు.

కారును జీపుకు కట్టి హిందూపురం లాక్కొచ్చారు. షెడ్డు ముందు తిరునాళ్లయింది. స్టీరింగు కింద గేరు కడ్డీ, దాని పక్కన వరసగా ఇంగ్లీషు అక్షరాలు, P, R, N, D, L. అవేమిటని జనం అడిగారు. తెలియదని చెప్పే అలవాటు దేవదాసుకు లేదు.

"ఏముండాది అందులో? మన పక్క తిరిగేదానికే చేసిన బండి ఇది. P అంటే పెనుకొండ, R అంటే రొద్దం, N అంటే నల్లమాడ, D అంటే ధర్మవరం, L అంటే లేపాక్షి. యాడికి పోవల్లనో ఆడికి కడ్డీ తిప్పుకోవడమే."

"మరి హిందూపురం లేదే?" అన్నాడు ఒక టెంపో డ్రైవరు.

"అందుకే గదప్పా ఈడికి లాక్కొని రావాల్సి వచ్చింది!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో పడి, అసలు ఆ అక్షరాల అర్థమేమిటో తనకూ సరిగా తెలియదన్న సంగతి దేవదాసు మర్చిపోయాడు.

గేరు బాక్సు దించాడు. ముందు గుమ్మడికాయంత గుండ్రని ఇనుప డబ్బా ఒకటి ఊడివచ్చింది. దాని పేరు తెలియక గుమ్మడికాయ అనే పేరే ఖాయం చేశాడు. బాక్సు విప్పితే మాడు వాసన కొట్టే ఎర్రనూనె, పలకల మీద పలకలు, అడుగున ముగ్గు వేసినట్టు సన్నని సందులున్న ఒక అచ్చు. ఆ అచ్చును కొంచెం ఆత్రంగా ఎత్తాడు. అందులోంచి చిన్న చిన్న ఉక్కు గుండ్లు జలజలా రాలి, షెడ్డు దాటి కాలువ వైపు దొర్లాయి. మోకాళ్ల మీద పాకుతూ ఏరుకున్నాడు. దొరికినవి కొన్ని. అసలు ఉన్నవి ఎన్నో ఆ దేవుడికే తెలుసు. ఏ గుండు ఏ సందులోదో అడగడానికి ఆ దేవుడు కూడా దగ్గర్లో లేడు.

మళ్లీ బిగించాడు. కడ్డీ ధర్మవరానికి తిప్పితే ఇంజను గొంతు చించుకుంది, బండి కదల్లేదు. నల్లమాడకు తిప్పితే ముందుకు పాకింది. రొద్దంలో పెడితే దడదడలాడి ఊరుకుంది. దేవదాసు కారు కిందే పడుకుని చాలాసేపు ఆలోచించాడు. చేతకాలేదు అని శెట్టికి కబురు చేయడం ఒక దారి. ఆ దారి ఆయనకు తోచను కూడా లేదు. బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, చూస్తున్నవాళ్లకు ప్రకటించేశాడు.

"ఇది సోమరిపోతుల గేరప్పా. మన దుమ్ముకూ మన ఎండకూ ఆగదు. పీకేసి, చేత్తో వేసే గేరు పెడతా. శెట్టి మనవళ్లు కూడా తోలుకుంటారు."

నిజం చెప్పాలంటే ఆ పని అద్భుతంగా చేశాడు. ఆయన మీద ఎన్ని జోకులు వేసినా ఈ ఒక్క ముక్క ఒప్పుకోవాలి. పాత జీపు గేరు బాక్సు ఒకటి సంపాదించాడు. ఆ ఇంజనుకు ఈ బాక్సు అతకదు కాబట్టి రెండింటి మధ్యకు సరిపోయే ఇనుప పలకను లేత్ షాపులో కూర్చుని కోయించాడు. క్లచ్ పెట్టాడు. వెనక చక్రాలకు పోయే షాఫ్టును కురచ చేయించాడు. కారు నేలకు రంధ్రం కోసి గేరు రాడ్డు లేపాడు. బ్రేకు పక్కన, ఎడమ వైపు, మూడో పెడల్ బిగించాడు. దాని మీద మెత్తని కొత్త రబ్బరు కూడా తొడిగాడు. పాత గేరు బాక్సునూ గుమ్మడికాయనూ పాత ఇనుము కొనే గుజిరీవాడికి వేసేశాడు. మళ్లీ అడిగేవాళ్లు ఎవరని!

తయారయ్యాక తానే తోలుకుంటూ బయల్దేరాడు. సోమందేపల్లి దాటి పెనుకొండ ఎత్తు ఎక్కుతుంటే ఒక్కో గేరూ వెన్నలోకి దిగినట్టు దిగుతోంది. కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, లారీవాళ్లకు చెయ్యి ఊపుతూ, ధర్మవరం దాకా ఈల వేసుకుంటూ పోయాడు. జీవితంలో తనను తాను అంత మెచ్చుకున్న రోజు మరొకటి లేదు.

శెట్టి ఇంటి ముందు కారు ఆపి హారన్ కొట్టాడు. ముందు శెట్టి భార్య సరస్వతమ్మ వచ్చింది, హారతి పళ్లెంతో. ఆమె వెనక శెట్టి వచ్చాడు. ఒక చంకలో కర్ర. ఎడమ కాలు సన్నగా, చిన్నపిల్లవాడి కాలులా ఉంది. అడుగు వేసినప్పుడల్లా అది గాల్లో వేలాడి, నేలను తాకీ తాకనట్టు తాకుతోంది.

దేవదాసు నోట్లో ఈల ఆగిపోయింది.

శెట్టి ఆ కాలు చూసుకోలేదు, కారునే చూస్తూ వచ్చాడు. తలుపు తీసి, అలవాటైన మనిషి కాబట్టి ఒక్క ఊపులో లోపలికి జారి కూర్చున్నాడు. స్టీరింగు నిమిరాడు. తర్వాత కిందికి చూశాడు. మూడు పెడళ్లు. 

"ఇదేందప్పా?" అన్నాడు మెల్లగా.

"క్లచ్చు శెట్టిగారూ," అన్నాడు దేవదాసు. 

"నీకు చెప్పినాను గదా. గేరు మార్చేది నాతో కాదని."

అప్పుడు వినబడింది దేవదాసుకు ఆ మాట. మూడు నెలల కిందట అంగట్లో అన్నప్పుడు చెవులకు తగిలింది, ఇప్పుడు వినబడింది. బాక్సు మార్చడం గురించి కాదు ఆయన చెప్పింది. తోలేటప్పుడు గేరు మార్చడం గురించి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పోయింది. క్లచ్ తొక్కలేడు. ఈ సంగతి ధర్మవరంలో ప్రతి మగ్గానికీ తెలుసు, ప్రత్యేకంగా చెప్పాల్సిన పని ఉంటుందని శెట్టికి తోచలేదు. చెప్పబోతే వినే మనిషి ఎదురుగా లేడు.

శెట్టి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనడానికి దేవదాసు నోటికి పని దొరికేది.

"చిన్నప్పుడు నన్ను మా నాయన భుజాన ఎత్తుకొని తిరిగినాడు," అన్నాడు శెట్టి స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి. "తర్వాత వాళ్ల సైకిలు మీదా వీళ్ల సైకిలు మీదా వెనక కూసున్న్యా. యాడికి పోవల్లన్నా ఒకర్ని అడగల్ల, వాళ్లకు తీరికయ్యేదాకా కాసుకోని ఉండల్ల. ఎడమ కాలితో పని లేని కారు ఉంటాదని తెలిసి, వెతికి వెతికి కొన్న్యా. ప్రతి ఆదివారం పెనుకొండ దాకా పోయి, కొండ కింద ఒక టీ తాగి వస్తాండా. ఆడ నాకేం పని లేదప్పా. ఎవర్నీ అడక్కుండా పోయి వచ్చేదే పని."

"డ్రైవర్ని పెట్టుకుందాం లెండి," అంది సరస్వతమ్మ.

"డ్రైవర్ను పెట్టుకునేదానికి ఈ కారెందుకు?" అన్నాడు శెట్టి. పళ్లెంలో కర్పూరం ఆరిపోయింది.

దేవదాసుకు ఏడుపొచ్చింది. అంతమందిలో ఏడవలేక, ఆలోచించకుండా నోటికొచ్చిన మాట అనేశాడు.

"శెట్టిగారూ, మీరు కొంచెం అట్ల జరగండి. స్టీరింగు మీది, ఎడమ కాలు నాది."

ఆ కారులో ముందు సీటు బెంచీలాగా ఒకటే పొడుగు సీటు. దేవదాసు ఎడమ పక్కన ఎక్కి, శెట్టికి అంటుకుని కూర్చుని, చెప్పు విడిచి తన కుడి కాలు క్లచ్ మీద పెట్టాడు. శెట్టి ఆయన వైపు పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. తర్వాత తాళం తిప్పాడు.

ఆ మొదటి ప్రయాణం చూసినవాళ్లు ధర్మవరంలో చాలాకాలం చెప్పుకున్నారు. శెట్టి "తొక్కు" అంటే ఈయన తొక్కాలి, "ఇడువు" అంటే వదలాలి. మధ్యలో శెట్టి రాడ్డు లాగాలి. అనడానికీ వినడానికీ నడుమ కారు మేకపిల్లలా గెంతింది. వీధి పక్కన చాచి కట్టిన పట్టుదారాల పడుగు మీదికి పోబోతే, సాలెవాళ్లు ఆడామగా అడ్డంగా పరిగెత్తుకొచ్చారు.

"తొక్కప్పా అంటే తొక్కవే!"

"మీరు 'తొ' అనేలోపల తొక్కితే వద్దంటిరి గదా శెట్టిగారూ!"

"మాట అయ్యేదాకా ఇనుకో!"

నలభై ఏళ్లు వచ్చాక, వీధి నడుమ, పది మంది ఎదుట, దేవదాసు అలా వినడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పూర్తి మాట వింటే కారు నడిచేది, సగం వింటే గెంతేది. ఇంతకంటే కఠినమైన బడి ఆయన ఎప్పుడూ చదవలేదు.

చేతితో లాగే క్లచ్ ఒకటి చేసి చూశాడు. అది లాగడానికి ఇద్దరు పహిల్వాన్లు కావాల్సొచ్చింది, పీకి పారేశాడు. మళ్లీ ఆటోమేటిక్ పెట్టేదాకా పైసా తీసుకోనన్నాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం హిందూపురంలో బస్సెక్కి ధర్మవరం పోయి, శెట్టికి ఎడమ కాలుగా పెనుకొండ దాకా కూర్చుని, టీ తాగి, మళ్లీ ధర్మవరంలో దిగి, బస్సులో ఇల్లు చేరేవాడు. చర్చికి రావడం మానేశాడని ఫాదరు ఇంటికే వచ్చి అడిగాడు.

"మా ఆయన ఇప్పుడు మనిషి కాదు ఫాదరూ, కాలు," అంది సంతోషమ్మ.

షెడ్డు దగ్గరా అంతే. దూరంగా ఎవరైనా కనబడితే చాలు, "శెట్టి ఎడమ కాలు వస్తాండాది, దారి ఇడువండప్పా" అనేవాళ్లు. మొదట్లో మండిపోయేవాడు. తర్వాత తానే "ఎడమ కాలు మాట్లాడతాండా, చెప్పండి" అనడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఆ పేరుతో ఏడిపించడంలో ఎవరికీ రుచి లేకపోయింది.

ఆదివారం ప్రయాణాల్లో శెట్టి ఎప్పుడూ నొప్పించే మాట అనలేదు. పైగా కబుర్లు చెప్పేవాడు, నవ్వించేవాడు. కానీ కొండ కింద కారు ఆపగానే, తిరిగి పోదామా అని దేవదాసును అడిగేవాడు. "నీకు లేటవుతాదేమో, పోదామాప్పా?" అని. ఆ అడగడమే దేవదాసుకు ముల్లులా గుచ్చుకునేది. ఎవర్నీ అడగకుండా తిరగాలని కారు కొన్న మనిషి చేత తాను ప్రతి వారం అడిగించుకుంటున్నాడు.

బెంగళూరులో పాత సామాన్ల బజార్లన్నీ తిరిగాడు. అలాంటి బాక్సు దొరకడానికి ఏళ్లు పట్టింది. కొత్త శతాబ్దం వచ్చాక, ఎక్కడో యాక్సిడెంటులో నుజ్జయిన అలాంటి కారే ఒకటి ఉందని తెలిసి, దాని బాక్సునూ గుమ్మడికాయనూ తెచ్చుకున్నాడు. ఈసారి విప్పే ముందు, బెంగళూరులో ఆ పని తెలిసిన షెడ్డుకు పోయి నాకు రాదు, నేర్పండి అని అడిగాడు. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నాలుక తడబడింది, రెండోసారికి ఇబ్బంది అనిపించలేదు. అక్షరాల అర్థం అడిగినప్పుడు వాళ్లు P అంటే పార్కింగ్ అన్నారు. పెనుకొండ కానందుకు నిజంగానే కొంచెం దిగులు పడ్డాడు.

గుండ్లు కింద పడకుండా గుడ్డ పరిచి, నెమ్మదిగా బిగించాడు. మూడో పెడల్ కోసేసి, నేల రంధ్రానికి రేకు అతికించాడు. కారు ధర్మవరం తీసుకుపోయి తాళాలు శెట్టి చేతిలో పెట్టాడు. నోరు మూసుకుని, ఆయన ఏమంటాడో వినడానికి నిలబడ్డాడు.

"ఎక్కప్పా," అన్నాడు శెట్టి. "పెనుకొండ దాకా పోదాం."

ఎడమ పక్కన ఎక్కాడు. అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. కారు తనంతట తానే గేర్లు మార్చుకుంటూ, నూనె పోసినట్టు సాగింది. దారి పొడుగునా దేవదాసు కాలికి పని దొరకలేదు.  శెట్టి వేలితో స్టీరింగు మీద తాళం వేస్తూ తోలాడు.

పెనుకొండ కొండ కింద, ఎప్పుడూ ఆగే టీ బంకు దగ్గర ఆపాడు. "దిగప్పా," అన్నాడు. దేవదాసు దిగి, రెండు టీలు చెప్పాడు. వెనక ఇంజను శబ్దం మారింది. తిరిగి చూసేసరికి పడవ కారు రోడ్డెక్కింది. మెల్లగా పోయింది, తర్వాత కొంచెం వేగంగా, తర్వాత మంచి వేగంగా. శెట్టి మోచెయ్యి కిటికీ బయటికి వచ్చింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

చెప్పులు కారులోనే ఉండిపోయాయి. మిట్టమధ్యాహ్నం, నేల నిప్పులా ఉంది. దేవదాసు ఒక కాలి మీదా ఇంకో కాలి మీదా గెంతుతూ నిలబడ్డాడు. మనసు కూడా అలాగే గెంతుతోంది. ఒక పక్క పట్టలేని సంతోషం. ఇంకో పక్క, ఇన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషిని ఒక్క మాట చెప్పకుండా దింపేసి పోయినాడే అని చిన్నపిల్లవాడిలా ఉక్రోషం. రెండూ కలిసి కళ్లలోకి నీళ్లు తెచ్చాయి.

టీ బంకు నల్లమ్మ రెండు గ్లాసులు పట్టుకుని వచ్చింది. రోడ్డు వైపు చూసి ఆదరాబాదరాగా అరిచింది.

"అయ్యో, నిన్ను మర్చిపోయి పోతాండాడే! గట్టిగా కేకెయ్యప్పా, ఇంకా కనపడతాండాడు!"

దేవదాసు ఆమె మాట అయ్యేదాకా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. కేకేస్తే ఆయప్ప మళ్లీ ఒకరి కోసం ఆగల్ల."